తొడుగు లేని చెయ్యి

“ఓడగొట్టినోళ్లు చెయ్యి ఇయ్యకుంట పోతె ఏమైతది మేడం?”

ఫెన్సింగ్ అనే కత్తి ఆట నియమాలన్నీ ఓపిగ్గా చెప్పాక స్వర్ణలత అడిగిన ప్రశ్న అదొక్కటే. పిల్లలు కిసుక్కున నవ్వారు. కోచ్ నాగరాణి మాత్రం నవ్వాపుకుంది.

“ఎట్ల పోతరక్కా? ఆటైనంక మాస్కు తీసి సలాం చెయ్యాలె, తొడుగు లేని చెయ్యి కలపాలె. లేకుంటె నల్లకార్డు. పోటీల నుంచే ఎల్లగొడతరు.”

“ఎంత పెద్ద ప్లేయరైనా?”

“ఎవరైనా గంతే.”

స్వర్ణలత ముఖం విప్పారింది. నలభై దాటిన మనిషి మహబూబ్‌నగర్ స్టేడియం పక్క షెడ్డులో కత్తి పట్టడమే ఓ వింత. నల్లగొండ దిక్కు మగ్గాలున్న ఇంట్లో కాపురం పొసగక వచ్చేసి, ఇక్కడ ఒంటిగది కిరాయికి తీసుకుని బట్టలు కుడుతోంది. క్లబ్బు పిల్లల దుస్తుల కుట్లు ఊడితే వేయడానికి వచ్చేది. గోడమీద పోటీల పోస్టరు అంటించిన రోజు, అందులో నల్లగొండ చాంపియన్ మంజుల ఫొటో చూసి, తనకూ ఈ ఆట నేర్పమని పట్టుబట్టింది. మంజులనే గెలుస్తుందట అని పిల్లలు ఆటపట్టించారు.

ఆటపట్టించినా అదో మాట, అదో సందడి. గదికి పోతే అదీ లేదు. ఫోన్ చేస్తే అవతల ఎత్తేవాళ్లు లేరు. ఒక్కదానికి వండుకోవడం విసుగొచ్చి కొన్నాళ్లు పొయ్యే ముట్టించేది కాదు. అందుకే మోకాళ్లు కలుక్కుమంటున్నా రోజూ వచ్చి, ముందుకు దూకి పొడవడం నేర్చుకుంది.

పోటీలకు వయసు పట్టింపు లేదు. ఆడవాళ్లు కొద్దిమందే కాబట్టి అందరూ అందరితో ఆడాలి. స్వర్ణలత వరసపెట్టి అందరి చేతుల్లో ఓడింది. చివరికి మంజుల వంతు వచ్చేసరికి నాగరాణికి పాపమనిపించింది.

“ఈ పిల్లతోని వద్దక్కా. మస్తు గట్టిగ పొడుస్తది. ఇజ్జత్ పోతది.”

“పోనియ్యి మేడం. గీ ఒక్క ఆట కోసమే నేర్చుకున్న.”

ఎదురుగా నిలబడ్డ మనిషిని చూడగానే మంజుల ముఖం బిగుసుకుపోయింది. నేలచూపులతోనే సలాం చేసింది. ఇలాంటి దానితోనా నా ఆట అనుకుంటోంది కాబోలని చూసేవాళ్లు గుసగుసలాడారు. తర్వాత ఒక్కో పోటు అవసరానికి మించిన కసితో దిగింది. స్వర్ణలత అడ్డుకుంటేగా! మాస్కు జాలీలోంచి ఆ పిల్లనే చూస్తూ ఉండిపోయింది. ఆట చూస్తుండగానే ముగిసింది.

మంజుల మాస్కు తీసి, మొక్కుబడిగా సలాం చేసి వెనుదిరిగింది. రెఫరీ పిలిచి, నల్లకార్డు కోసం జేబులో చెయ్యి పెట్టాడు. ఆమె ఆగింది. స్వర్ణలత తొడుగు లేని ఎడమచెయ్యి చాచే ఉంచింది.

మంజుల తలెత్తకుండానే తిరిగొచ్చి చెయ్యి అందించింది. స్వర్ణలత దాన్ని గట్టిగా పట్టుకుని విడిచిపెట్టనే లేదు. ఇంకో ఆట ఉందని రెఫరీ విసుక్కున్నాడు. మంజుల మాత్రం చెయ్యి గుంజుకోలేదు.

బయటికొచ్చాక నాగరాణి ఉండబట్టలేక అడిగేసింది.

“ఒక్క పాయింటన్న రాకపాయె. ఏం సాధించినవక్కా?”

స్వర్ణలత కళ్లు తుడుచుకుంది.

“నా బిడ్డ చెయ్యి పట్టుకున్న మేడం.”