రెండు రాత్రుల బస

నదివైపు కిటికీలున్న ఇంకో ఇల్లు అదే అద్దెకు ఇస్తానన్నా ఆవిడ ఒప్పుకోలేదు.

“నాకు మూడో అంతస్తుదే కావాలి. బుక్ చేసుకున్నది అదే కదా?” అంది ఫోన్‌లో.

ఫిలిపా పళ్ళు నూరుకుంది. లిస్బన్ పాతపేటలో టూరిస్టులకు రోజుల లెక్కన అద్దెకిచ్చే ఇళ్ళు ఆమెకు రెండున్నాయి. మూడో అంతస్తు ఇంటిని ఒక జర్మన్ కుటుంబం వారం మొత్తానికి అడుగుతోంది. సరిగ్గా ఆ వారం మధ్యలోనే ఈ ముసలి జంట రెండు రాత్రులకని అడ్డం పడింది.

“లిఫ్టు లేదండీ. మెట్లు నిటారుగా ఉంటాయి. మీ వయసుకి...”

“ఎక్కేది నేను. ఆయాసపడేది నేను. మధ్యలో నీకేంటమ్మా నొప్పి?”

ఫోన్ పెట్టేసింది.

పోనీ వాళ్ళేమైనా దూరాభారం నుంచి వస్తున్నారా అంటే అదీ లేదు. నదికి అవతలి ఒడ్డునున్న బరైరే వాళ్ళ ఊరు. పగలంతా ఊరు తిరిగి, పడవెక్కి వెళ్ళి సొంత మంచం మీద పడుకోవచ్చు.

“రెండో హనీమూనేమోలే” అని నవ్వాడు ఫిలిపా మొగుడు. ఆమెకు నవ్వు రాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం దిగారు. ఇదలీనా బక్కపల్చటి మనిషి. నోరు మాత్రం ఫోన్‌లో విన్నదే. ఆవిడ భర్త అర్మిందు పొడగరి. బయట ఎండ మండిపోతున్నా కోటు గుండీలన్నీ పెట్టుకున్నాడు. రొప్పుతూ మెట్లన్నీ ఎక్కి, గుమ్మంలో ఆగి, లోపలికి తొంగిచూశాడు.

“ఇంటికెళ్దాం పద” అన్నాడు భార్యతో.

ఫిలిపాకు ఒళ్ళు మండింది. ఇంకా అడుగైనా పెట్టలేదు, అప్పుడే నచ్చలేదట! ఉత్త గోడలు మిగిలిన ఇంటిని కొని, అప్పు చేసి, ప్రతి దీపం, ప్రతి పరదా తనే తిరిగి ఏరుకొచ్చింది. వచ్చినవాళ్ళంతా ముచ్చటపడి ఫోటోలు తీసుకుంటారు. ఈయన కంటికి ఆనలేదు.

కోపం దిగమింగి వంటింట్లోకి నడిచింది.

“ఇదిగో, గ్యాసు ఇలా...”

“తెలుసు” అంది ఇదలీనా.

“వేణ్ణీళ్ళు రావడానికి కాస్త...”

“తెలుసులేమ్మా. తాళంచెవి ఇచ్చి వెళ్ళు.”

అతిథుల కోసమని బల్ల మీద పెట్టిన వైన్ సీసాను కూడా ఫిలిపా చేతిలోనే పెట్టింది. “ఆయన తాగకూడదు. తీసుకుపో.”

ముసలాయన అప్పటికీ పెట్టె వదల్లేదు. రైలు కోసం చూసేవాడిలా కుర్చీ అంచున కూర్చున్నాడు. “ఇంటికెళ్దాం” అన్నాడు మళ్ళీ. ఫిలిపా తలుపు ధడాలున వేసి దిగిపోయింది.

మర్నాడు కింది అంతస్తులో దిగిన డచ్ దంపతులు ఫోన్ చేశారు. పొద్దున్నించీ పైన ఏవో బరువులు ఈడుస్తున్నారట, తల పగిలిపోతోందట.

ఫిలిపా పరుగున వచ్చింది. తలుపు ఓరగా తీసి ఉంది. లోపలికి వెళ్ళి నిర్ఘాంతపోయింది.

సోఫా పడగ్గదిలోకి పోయింది. భోజనాల బల్ల కిటికీ కిందికి చేరింది. దాని మీద రంగు వెలిసిన పువ్వుల గుడ్డ. తను ముచ్చటపడి కొన్న ట్రాము బొమ్మ గోడ మీంచి దిగి, మూలన మొహం చాటేసి కూర్చుంది. పరదాలు మడతపెట్టి ఉన్నాయి. వాటి స్థానంలో ఏవో పాత నూలు పరదాలు. ఇల్లంతా వెల్లుల్లి, కొత్తిమీర వేసి కాచిన సూపు వాసన.

“ఏంటిదంతా?”

“సర్దుకుంటున్నాను” అంది ఇదలీనా, నుదుటి చెమట తుడుచుకుంటూ.

“సర్దుకోవడమా! రెండు రాత్రులుండి పోయేవాళ్ళు మంచాలు జరుపుతారా? అంత నచ్చనప్పుడు వేరేది చూసుకోవాల్సింది. ఊరినిండా హోటళ్ళే కదా! నేనే ఇంకో ఇల్లు ఇస్తానని బతిమాలాను కదా!”

“వెళ్ళేటప్పుడు ఎక్కడివక్కడ పెట్టేస్తాను. కాస్త మెల్లగా మాట్లాడు.”

“నా ఇంట్లో నేను మెల్లగా మాట్లాడాలా?”

“మాట్లాడాలి!” ఇదలీనా గొంతూ లేచింది. “నడుములు విరిగేలా చేశాను ఇదంతా. ఒక్క అరుపుతో పాడు చెయ్యకు. నీకు పుణ్యముంటుంది, వెళ్ళు.”

“వెళ్ళను. పోలీసుల్ని పిలుస్తాను. మీ ఆయనకే ఇక్కడ ఉండాలని లేదు. వచ్చిన దగ్గర్నుంచీ పోదామంటూనే ఉన్నాడు పాపం. ఆయన్నెందుకిలా చంపుకు తింటారు? తీసుకుపోండి!”

ఇదలీనా మొహం పాలిపోయింది. గబుక్కున కిటికీ వైపు తిరిగింది.

అప్పుడు చూసింది ఫిలిపా ముసలాయన్ని. కోటు లేదు. బూట్లు లేవు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, కిటికీ పక్కన బల్ల ముందు కాళ్ళు బారజాపుకుని, సూపులో రొట్టె తుంచి వేసుకుంటున్నాడు. నిన్న చూసిన మనిషేనా అనిపించింది.

ఆ కేకలకు ఆయన తలెత్తాడు. ఫిలిపాను ఎగాదిగా చూశాడు. మెడ నరాలు ఉబ్బాయి. గిన్నె ఎగిరిపడేలా బల్లను అరచేత్తో చరిచాడు.

“ఇదలీనా, ఇల్లు కొనుక్కున్నామంటూ మళ్ళీ వచ్చారా వీళ్ళు, మన పెళ్ళయిన నాటి నుంచీ కాపురముంటున్న ఇంటిని చచ్చినా ఖాళీ చెయ్యబోమని చెప్పి బయటికి పంపించు!”