నాలుగో మనిషి

ఆదివారం ఆదివారం తన భార్య తనను శత్రువు స్థానంలో కూర్చోబెట్టి ధ్యానం చేస్తోందని పళ్ళ డాక్టరుకు నిర్ధారణ అయిపోయింది.

ఉప్పందించింది అతని పేషెంటే. టైర్ల షాపు పై అంతస్తులో ఉన్న బౌద్ధ ధ్యానకేంద్రానికి అతనూ వెళ్తాడు. దవడకు ఎక్కించిన మత్తు దిగుతుండగా వంకర మూతితోనే అంతా చెప్పుకొచ్చాడు. అక్కడ మైత్రి ధ్యానమని ఒకటి చేయిస్తారట. వరసగా నలుగురిని తలచుకుని, వాళ్ళు చల్లగా ఉండాలని కోరుకోవాలట. మొదట ఎవరికి వారే. తర్వాత, ప్రాణంలో ప్రాణమైన మనిషి. ఆ తర్వాత దారిన పోయే దానయ్య. చివరికి, నాలుగో మనిషిగా, శత్రువు.

"మీ ఆవిడ తలచుకునే నలుగురిలో మీరూ ఉన్నారు డాక్టరుగారూ. మొన్న మాటల్లో తనే అంది."

ఏ స్థానంలో అని డాక్టరు అడగలేదు. అడగాల్సిన పనేముంది? ఫ్రిజ్ తలుపుకు అంటించిన అతని ఫోటో, క్లినిక్ తెరిచిన రోజు తెల్లకోటులో తీయించుకున్నది, కొన్నాళ్ళుగా కనిపించడం లేదు. దాన్ని ముందు పెట్టుకుని కారాలు మిరియాలు నూరుతోందన్నమాట.

డాక్టరుకు నోరు ఊరుకోదు. పగలంతా నోళ్ళు తెరుచుకుని పడుకున్నవాళ్ళతో మాట్లాడతాడు. వాళ్ళు ఎదురు చెప్పలేరు. ఇంటికొచ్చినా అదే వరస. కూరలో ఉప్పు దగ్గర మొదలుపెట్టి అత్తగారి పెంపకం దాకా వెళ్ళిపోతాడు. పెళ్ళయిన కొత్తలో ఆమె మాటకు మాట అప్పజెప్పేది. గిన్నెలు ఎగిరేవి, తలుపులు దద్దరిల్లేవి. ఇప్పుడు అతనేమన్నా ఒకటే జవాబు.

"సరేనండి."

ఆ మాట వింటే అతనికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. లోపల ఇంత కక్ష పెట్టుకుని పైకి ఎంత నంగనాచి వేషం అనుకున్నాడు. శత్రువంటే ఎలా ఉంటాడో చూపిద్దామని మర్నాడే యుద్ధం మొదలుపెట్టాడు.

ఆమె పొద్దున ధ్యానానికి కళ్ళు మూసుకోగానే వాక్యూమ్ క్లీనర్ ఆన్ చేశాడు. ఆమె పక్కగదిలోకి వెళ్ళింది. టీవీ గొంతు పెంచాడు. ఆమె బాల్కనీలోకి వెళ్ళింది. చివరికి ఆమె కూర్చునే మెత్తను తీసుకెళ్ళి చెత్తకుండీలో పడేశాడు.

"మెత్త కనిపించలేదు, చూశారా?" అంది ఆమె.

"పారేశాను."

"సరేనండి. కాస్త జరుగుతారా, దుప్పటి తీసుకోవాలి."

ఒళ్ళు మండినా జరిగాడు.

"థాంక్సండి," అంది.

"తిట్టొచ్చుగా," అని అరిచాడు డాక్టరు. "పారేశానంటున్నాను. నన్ను నాలుగు తిట్టొచ్చుగా."

"ఎందుకండీ?" అంది ఆమె, నిజంగానే అర్థంకానట్టు. దుప్పటి మడిచి దానిమీద కూర్చుంది.

ఇక తాడోపేడో తేల్చుకోవాలనుకున్నాడు. ఆ ఆదివారం ఆమె వెనకే బయల్దేరి, టైర్ల షాపు మెట్లెక్కి, చెప్పులతోనే హాల్లో అడుగుపెట్టాడు. ఎదురుగా బుద్ధుడి బొమ్మ. వరసగా మెత్తలు, వాటి మీద జనం. గంట పక్కన పెట్టుకుని టీచరు, రిటైరైన లెక్కల పంతులమ్మ.

"మొగుణ్ణి శత్రువని తలచుకోమని నేర్పే చోటు ఇదేనా?" అన్నాడు.

అందరూ కళ్ళు తెరిచారు. పేషెంటు మాత్రం ఇంకా గట్టిగా మూసుకున్నాడు.

"చెప్పులు బయట విడిచి రండి," అంది టీచరు.

"విడవను. ముందు నన్ను ఆ నాలుగో చోటు నుంచి తీయించండి. నేనేం పాపం చేశానో ఇంతమందిలో తేలాలి."

"ఏ చోట ఎవరున్నారో నేను అడగను. మీరే ఆవిణ్ణి అడగండి."

డాక్టరు భార్య వైపు తిరిగాడు. ఎంత దూకుడుగా వచ్చినా, తీరా ఆమె మొహం చూశాక గొంతు తగ్గించాడు. ఆమె తనను ద్వేషిస్తోందన్న బెంగతో అతనికి కంటినిండా నిద్ర కరువై చాలా రోజులైంది.

"నిజం చెప్పు. నేనంటే నీకంత పగా?"

"అయ్యో, లేదండీ. నా నాలుగో మనిషి మా ఆఫీసు మేనేజరు."

"ఒట్టు?"

"ఒట్టు."

"నా మీద ఏ కోపమూ లేదా?"

"ఏ కోపమూ లేదు."

డాక్టరు గుండెల మీంచి పెద్ద బరువు దిగింది. శత్రువు కాకపోతే ఇంకేముంది, ప్రాణంలో ప్రాణమే. బయటికి వెళ్ళి బుద్ధిగా చెప్పులు విడిచాడు. తిరిగొచ్చి, భార్య మొహం కనిపించేలా గోడ పక్కన ఓ మెత్త మీద చతికిలబడ్డాడు. గంట మోగింది.

మొదట ఎవరికి వారు అయింది.

"ఇప్పుడు రెండో మనిషి," అంది టీచరు. "మీ ప్రాణంలో ప్రాణం."

డాక్టరు ఓరకంట చూశాడు. కళ్ళు మూసుకున్న ఆమె పెదవుల మీదికి మెల్లగా ఓ నవ్వు వచ్చింది. ఆ నవ్వు చూసి ఎన్నేళ్ళయిందో. అతనికి కళ్ళు చెమర్చాయి. ఎంత మూర్ఖంగా ప్రవర్తించాను అని సిగ్గుపడ్డాడు. వెళ్ళేదారిలోనే మంచి మెత్త కొనిపెట్టాలనుకున్నాడు.

"ఇప్పుడు మూడో మనిషి. ఆ మనిషంటే మీకు ఇష్టమూ లేదు, కోపమూ లేదు. మొహం ఎంతకీ గుర్తు రాకపోతే, తెచ్చుకున్న ఆనవాలు ఒకసారి చూసుకోండి."

హాల్లో చిన్నగా సందడి రేగింది. పేషెంటు జేబులోంచి బస్సు టికెట్టు తీశాడు. ముందు వరసలో ఒకామె ఇస్త్రీ బట్టల చీటీ తీసుకుంది.

డాక్టరు భార్య బ్యాగు తెరిచి, ఫ్రిజ్ మీద ఉండాల్సిన ఫోటో తీసి ఒళ్ళో పెట్టుకుంది.