పొదలో గొంతు

అడవిలో జంతువులన్నీ కలిసి ఒక సినిమా తీశాయి. అందులో మగనెమలి హీరో. "వానొస్తోంది, నా పురి కిందికి రా" అని అతను బరువైన గొంతుతో అంటుంటే, చూస్తున్న ఆడనెమలి పిల్ల మనసు జారిపోయింది. ఆ హీరోనే తనని పెళ్ళాడతానని కబురు పెట్టాడు. సరేనని చెప్పడానికి బయల్దేరింది.

దారిలో ఒక పొదలోంచి అదే గొంతు వినిపించింది.

"ఏమేవ్, ఇంకో రెండు నత్తలు పెట్టు."

నత్తల మాటకే మళ్ళీ మనసు జారింది. ఆకులు తప్పించి చూస్తే జెముడుకాకి, పక్కనే అతని భార్య.

"సినిమాలో ఆ మాట మీదా అండీ?" అని మెల్లగా అడిగింది.

"నాదేనమ్మా, డబ్బింగు. అతను ముక్కు ఆడించాడు, నేను చెప్పాను."

"మురిసిపోకే తల్లీ," అంది భార్య. "ఆ గొంతుతోనే గురక కూడా పెడతాడు."

ఆడనెమలికి తల తిరిగిపోయింది. తను మనసిచ్చింది పురికా, గొంతుకా? గొంతుకి పెళ్ళయిపోయిందే.

అంతలో మగనెమలే ఎదురొచ్చాడు. "క్యావ్, ఏమంటావు?" అన్నాడు. చీలిపోయిన గొంతు, పైగా వణుకుతోంది. సినిమాలో గొంతు ఎక్కడా వణకలేదు. ఇది తన కోసం వణుకుతోందని తెలిసి ఆమెకి ఇంకా తికమకైంది.

కాస్త ఆగమందామని నోరు తెరిచింది. ఎప్పుడూ గుసగుసగా మాట్లాడే పిల్ల, కంగారులో గట్టిగా అనబోతే "క్యావ్" మని వచ్చింది. అచ్చం అతని గొంతే.

అది అవునో కాదో ఆమెకే తెలీలేదు. అతను మాత్రం మెల్లగా పురి విప్పాడు.