గజం మంచు

"గజం వెడల్పు, అంతే నేనడిగేది. దారంతా కంకర జల్లించుకో. ఒక పక్కన గజం మంచు మాత్రం నాకొదిలెయ్" అంది సైమి అవ్వ.

ఫిన్లాండ్‌లో ఆ ఊరి దారుల శాఖకు పెద్దయిన కౌకోగారు కాఫీ కలుపుకుంటూ తల అడ్డంగా ఊపారు.

అవ్వకి ఎనభై ఒకటి. మోకాళ్లు అరిగిపోయాయి, మంచులో ఊతం లేకుండా నడవలేదు. ఆవిడకో జారుడుబండి ఉంది. ముందు కుర్చీ, కింద రెండు పొడవాటి ఇనుప బద్దలు. వెనక నిలబడి ఒంటికాలితో తన్నుకుంటూ పోవాలి. దాన్ని పట్టుకుంటేనే ఆవిడ కొట్టుకైనా, లైబ్రరీలో స్నేహితురాళ్ల దగ్గరికైనా వెళ్లగలదు. మనుషులు జారిపడకుండా మంచుమీద సన్న కంకర జల్లుతారే, ఆ కంకర మీద మాత్రం బండి అంగుళం కదలదు. అంటే ఇప్పుడు తలుపు మూసుకుంటే మళ్లీ మంచు కరిగాక ఏప్రిల్లో తీయాలి.

"ఈ కాలంలో ఇంకా ఆ ముసలి బండేమిటవ్వా? సరుకులు ఇంటికే తెప్పించుకోండి. ఫోన్ చేస్తే చాలు" అన్నారు కౌకోగారు.

"సరుకులు తెస్తారు. కబుర్లు ఎవరు తెచ్చిస్తారు?"

కౌకోగారికి ఆ ప్రశ్న వినపడలేదు. పెద్ద కుర్చీలో కూర్చున్నవాళ్లకు కొన్ని వినపడవు. ఆవిడ అర్జీని సొరుగులో పడేశారు, గడిచిన నాలుగేళ్ల అర్జీల మీద. కంకర లారీ నడిపే వెసాని పిలిచి, దారిలో జానెడు కూడా వదలొద్దని ఆవిడ ఎదుటే చెప్పారు.

అవ్వ ఉన్ని టోపీ చెవులమీదికి లాక్కుని వెళ్లిపోయింది.

వారం తిరక్కుండా శాఖ షెడ్డు ముందు, చెత్తడబ్బాల పక్కన, చక్రాలూడిన పిల్లల స్కూటర్ ఒకటి కనబడింది. కాలితో నేలను తన్నుకుంటూ నడిపేది. మంచుమీద జారడానికి కాళ్లకు తొడుక్కునే పొట్టి చెక్క స్కీలు రెండు దానికి దారంతో కట్టి ఉన్నాయి. ఎవరు పారేశారో తెలియదు. కౌకోగారు జేబుల్లోంచి చేతులు తీయకుండా దూరంనుంచే చాలాసేపు చూశారు.

మూడోరోజున ఆఫీసులో అందర్నీ పిలిచి చెప్పారు. ముందురోజు సౌనాలో ఆవిరికి కూర్చున్నప్పుడు తనకో ఆలోచన తట్టిందట. స్కూటర్‌కి చక్రాల బదులు స్కీలు బిగిస్తే మంచుమీద రివ్వున పోవచ్చట. ఫిన్లాండ్ మొత్తంలో ఇలాంటి బుర్ర ఇంకొకటి లేదని ఆయన అనలేదు. ఎవరైనా అంటారేమోనని కాసేపు ఆగారు. ఎవరూ అనలేదు.

కాగితం మీద గీతలు గీయడం కౌకోగారి వంతు. రంపం పట్టడం, మరలు బిగించడం వెసా వంతు. చెత్తడబ్బాల పక్కన దొరికిన ఆ స్కూటర్‌కే, దానికి కట్టి ఉన్న స్కీలనే ముందు చక్రం చోట ఒకటి, వెనక చక్రం చోట ఒకటి బిగించాడు. ఫొటోలో బాగా పడాలని మొత్తానికీ పసుపు రంగు వేయమన్నారు. వెసా రెండు పూతలు వేశాడు. రెండో పూత ఎందుకని అడిగితే, చెక్క పాతది కదా అన్నాడు.

అంతా అయ్యాక చిక్కొచ్చిపడింది. కంకర మీద స్కీలూ కదలవు. మీరు చెప్పినట్టే జానెడు కూడా వదల్లేదని వెసా వినయంగా గుర్తుచేశాడు. కౌకోగారు ఆ పూటే ఉత్తర్వు రాసి, కౌన్సిల్ ముద్ర కూడా వేయించారు. చర్చి దిబ్బనుంచి లైబ్రరీ మీదుగా కొట్టుదాకా, దారికి ఎడమపక్క గజం వెడల్పున ఉన్న కంకర ఊడ్చేయాలి, కొత్తది జల్లకూడదు. ఈ ఏడాదే కాదు, ఇక ప్రతి చలికాలమూ. తన బండి చరిత్రలో నిలిచిపోతుందని ఆయన నమ్మకం. ఆ దిబ్బకున్నంత వాలు ఊళ్లో మరెక్కడా లేదు. ఆ దారి సైమి అవ్వ గుమ్మం ముందునుంచే పోతుంది.

శనివారం మధ్యాహ్నం దిబ్బమీద జనం చేరారు. ఈ ఆలోచన ఎవరిదని పత్రిక అమ్మాయి అడిగింది.

"మొదట్నుంచి చివరిదాకా నాదే. రాసుకోండి" అన్నారు కౌకోగారు. ఆ అమ్మాయి రాసుకుంది.

ఆయన నాలుగు తన్నులు తన్నేసరికి స్కూటర్ వేగం అందుకుంది. అవ్వ గుమ్మం దాటేదాకా బాగానే పోయింది. ఆపడం ఎలాగన్నది మాత్రం ఆ గీతల్లో ఎక్కడా లేదు. మలుపు దగ్గర ఆయన ఎడమకు తిప్పబోతే అది కుడికి తిరిగి కంకర మీదికెక్కింది. కౌకోగారు ముందు, స్కూటర్ ఆయన వెనకాల పల్టీలు కొడుతూ, పది గజాలు గీసుకుంటూ పోయారు.

చీలమండ అప్పుడే బూరెలా పొంగింది. జనం నవ్వు ఆపుకోవడానికి అవస్థ పడుతుండగా, కంకర లేని ఆ గజం మంచుమీద సైమి అవ్వ మెత్తగా జారుకుంటూ వచ్చి ఆగింది.

"కూర్చో నాయనా, కొట్టు పక్కనున్న ఆస్పత్రి దాకా దింపుతాను. ఇక్కణ్ణుంచి అంతా వాలే" అంది.

వేరే దారిలేక కౌకోగారు ఆ ముసలి బండిలో కూర్చున్నారు. వెసా స్కూటర్ని ఎత్తుకొచ్చి, స్కీ పైకి కనబడేలా జాగ్రత్తగా ఆయన ఒళ్లో పెట్టాడు. పత్రిక అమ్మాయి కెమెరా ఎత్తింది.

ఈ ఊరి బడిలో పిల్లల స్కీలన్నీ ఒకే గోడకు ఆనిస్తారు. మారిపోకుండా ఎవరి జత మీద వాళ్లు పేరు రాసుకుంటారు. కౌకోగారూ ఆ బడిలో చదివినవారే. కంకరకి పసుపు లేచిపోయిన చోట, పిల్లచేతి ఎర్రటి వంకర అక్షరాలు ఆయన ముక్కు కిందే బయటపడ్డాయి:

సైమి, మూడో తరగతి.