సూర్యం బీరు రిహార్సల్

రిటైర్డ్ రైలు డ్రైవర్ సూర్యం తాగడానికి కూర్చుంటే బిలాస్‌పూర్ మొత్తంలో ఒక్క బీరు సీసా మిగలదు. మ్యూనిక్ బీరు పండక్కి విమానం రేపే. పీపాకి పీపా ఖాళీ చేసొస్తానని రైల్వే కాలనీ అంతా చెప్పుకున్నాడు. నిజానికి ఆయన చుక్క ముట్టి ఎరగడు. అందుకే ఇంట్లో రిహార్సల్ పెట్టుకున్నాడు.

గ్లాసు ఆరోసారి పెదాల దాకా వెళ్లి దిగిపోయింది.

"ఏటయ్యా, ఆముదమా అది?" అంది భార్య చిన్నమ్మి, సూట్‌కేసు సర్దుతూ.

"డ్యూటీ ఎక్కేముందు రోజూ మిషన్లో ఊదించేవోరు కదే. వాసనొస్తే ఉజ్జోగం ఊడినట్టే. ముప్పయ్యారేళ్ల బయం, చెయ్యి లెగట్నేదు."

"రిటైరై మూడేళ్లయింది. ఇప్పుడెవుడు ఊదమంటాడు?"

"నా వల్ల కాదు. ఇద్దరి టికెట్లూ కేన్సిల్ చేసేద్దాం." విసుగ్గా గ్లాసు పక్కకు తోశాడు.

చిన్నమ్మి చేతిలో చీర మడత ఆగిపోయింది.

"అచ్ఛా. నీకెప్పుడు డ్యూటీ పిలుపొస్తాదోనని ముప్పయ్యారేళ్లు నానూ ఏ పెళ్లికీ ఎల్నేదు. నన్నయితే ఎవులూ ఊదమన్నేదు కదా?"

ఆ గ్లాసెత్తి ఒక్క గుక్కలో తాగేసి, మూతి తుడుచుకుంది. "చేదే. పర్లేదు."

సూర్యం సూట్‌కేసులోంచి తన చొక్కాలు రెండు తీసి, ఆమె చీరలకు చోటిచ్చాడు.

అన్నట్టు, ఒక్క గుక్క అన్నది నా కల్పనే. మూడు గుక్కలు, మధ్యలో ఒక తేన్పు.