చందన పెన్ను

మదనపల్లె దగ్గర అంగళ్లు ఊళ్ళోని ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో, తన గదిలోనే ఉండే చందన స్నానానికి వెళ్ళగానే, వెన్నెల ఆమె ట్యాబ్ పెన్ను తీసి తన పెట్టెలో బట్టల కింద దాచేసింది.

పలకంత పెద్ద ఆ ట్యాబ్‌ను చూస్తే మూడు నెలలుగా వెన్నెలకు కడుపు మండిపోతోంది. పుంగనూరు నుంచి వచ్చిన చందన దానిమీద పెన్నుతో సర్క్యూట్లు గీసి, రంగురంగుల్లో నోట్సు రాసుకుంటుంటే క్లాసంతా చుట్టూ మూగేది. కుప్పం నుంచి వెన్నెల తెచ్చుకున్న పాత ల్యాప్‌టాప్ వైపు ఒక్కరూ చూసేవారు కాదు.

గదంతా వెతికి వెతికి, సాయంత్రం చందన ఇంటికి ఫోన్ చేసింది. మాట్లాడటం అయిపోగానే నవ్వుతూ వచ్చి వెన్నెలను వాటేసుకుంది.

“పెన్ను పోయిందే మంచిదైంది! ‘ల్యాబ్ సాఫ్ట్‌వేర్ ట్యాబ్‌లో ఎక్కదు నాయనా, ల్యాప్‌టాప్ కొనీ’ అంటే, ‘అంత పెద్దది ఉండాది గదా, మళ్ళా అది యాల?’ అనేవాడు మా నాయన. పెన్ను లేకుంటే ఇది దండగని చెప్పేసినా. ఒప్పుకున్నాడు! నువ్వు ల్యాప్‌టాప్‌లో టకటకా ప్రోగ్రాములు చేస్తా ఉంటే నాకెంత కుళ్ళుగా ఉండేదో తెలుసునా?”



వారం తిరక్కుండా మదనపల్లెలో కొన్న కొత్త ల్యాప్‌టాప్ వచ్చింది. చందన తన ట్యాబ్ తెచ్చి వెన్నెల చేతిలో పెట్టింది.

“దీన్ని నువ్వు ఆశగా సూసేది నాకు తెలుసు. నువ్వే పెట్టుకో. పెన్ను దొరికితే అదీ నీకే.”

ఇప్పుడా ట్యాబ్ వెన్నెలదే. దానిమీద ఆమె వేలితోనే రాసుకుంటోంది.