పై వరస

"పై వరస నాది. అది తేలాకే మిగతా మాటలు," అన్నాడు పెద్దోడు, షాపు మధ్యలో సుద్దముక్కతో గీత గీస్తూ.

గీతకి అవతల కూర్చున్న చిన్నోడు కాళ్లు కుర్చీ మీదకి లాక్కున్నాడు. "గియ్యి గియ్యి. మేస్త్రీకి కొలత సులువవుతుంది."

వాళ్లిద్దరి అక్క వచ్చి గీత మీద నిలబడింది. నాన్న పెట్టిన బోర్డుల షాపు అది. చుట్టుపక్కల సగం దుకాణాల నెత్తిన వేలాడే పేర్లు ఇక్కడ తయారైనవే. తమ్ముళ్లిద్దరూ కలిసి నడుపుకుంటున్నారని ఆవిడ నలుగురిలో గొప్పగా చెప్పుకునేది. ఇప్పుడు నట్టనడుమ గోడ కట్టుకుంటామంటున్నారు. పోనీ ఆస్తి తగువా అంటే కాదు, పెళ్లాల పేచీ అంతకన్నా కాదు. కంప్యూటర్ తగువు.

ఉన్నది ఒక్క కంప్యూటర్. అందులో దాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌లు రెండు. పెద్దోడికి అలవాటైన పాతదొకటి, చిన్నోడు తెచ్చి ఎక్కించిన కొత్తదొకటి. స్విచ్ వెయ్యగానే నల్లటి తెర మీద రెండు వరసలు కనిపిస్తాయి. కావలసినదాన్ని నొక్కాలి. కాసేపు ఎవరూ నొక్కకపోతే పై వరసలో ఉన్నదే తెరుచుకుంటుంది. ఆ పై వరస చిన్నోడిది. పెద్దోడు స్విచ్ వేసి, కళ్లద్దాలు తుడుచుకుని తలెత్తేసరికి తమ్ముడి సిస్టమ్ ఎదురుగా పళ్లికిలిస్తూ ఉంటుంది.

"అద్దాలేవో ముందే తుడుచుకోరాదట్రా?" అంది అక్క.

"నేనెందుకు మారాలక్కా? ఇంత పెద్దవాణ్ణి, వాడి కింద పడుండాలా?"

"నువ్వు పెద్దవాడివే, నీ సిస్టమ్ మరీ ముసలిది. దాన్ని నిద్రలేపేలోపు నాకు ఆకలేస్తుంది," అన్నాడు చిన్నోడు.

"నీదో? పేరు గొప్ప, ఊరు దిబ్బ."

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. అక్క ఇక లాభం లేదని మొగుడికి ఫోన్ చేసింది. ఆయన కంప్యూటర్లు బాగుచేసే మనిషి. నోట్లోంచి మాట రావడమే గగనం. వచ్చి, కుర్చీ లాక్కుని, "ఈ వరసల మెనూని ఎలా కావాలంటే అలా మార్చుకోవచ్చు. ఎలా కావాలో చెప్పండి," అన్నాడు.

ఎరక్కపోయి అడిగాడు పాపం.

"నా దానికి 'అసలు సిస్టమ్' అని పేరు పెట్టు బావా," అన్నాడు పెద్దోడు.

"ఓహో, నాది నకిలీనా?" అన్నాడు చిన్నోడు.

పేర్ల సంగతి పక్కనబెట్టి వెనకాల బొమ్మ దగ్గరికొచ్చారు. పెద్దోడు నాన్న ఫొటో పెట్టమన్నాడు. చిన్నోడు సముద్రం పెట్టమన్నాడు.

"నాన్న మొహం మీద అక్షరాలు పడతాయి కదరా," అంది అక్క.

"అక్షరాలు రాసే కదా మనల్ని పెంచాడు," అన్నాడు పెద్దోడు.

ఆ మాటకి ముగ్గురూ కాసేపు మెత్తబడ్డారు. అంతలో అక్షరాల రంగు దగ్గర మళ్లీ మొదలైంది.

అక్క టీ గ్లాసులు కడగడానికి వెనక్కి వెళితే పెద్దోడు వెంటే వచ్చాడు.

"అక్కా, ఈ పేర్లూ రంగులూ అంతా దండగ. నువ్వు చెబితే బావ కాదనడు. వాడి సిస్టమ్‌ని నెమ్మదిగా తీసేయించు. వాడికి మాత్రం చెప్పొద్దు."

"బుద్ధుందా నీకు?" అని కసిరి ఇవతలికొచ్చిందో లేదో, గుమ్మం పక్కన చిన్నోడు కాచుకుని ఉన్నాడు.

"అక్కా, నీకు నేనంటే ప్రాణం కదా. అన్నయ్య పాత డొక్కుని తీసెయ్యమని బావకి ఓ మాట చెప్పవూ? వాడికి తెలీకుండా సుమా."

ఏ తల్లి కన్నదో కాదు, ఇద్దరినీ కన్నది ఒక్క తల్లే. అక్క వెళ్లి రెండు మాటలూ మొగుడి చెవిలో వేసింది.

"ఊఁ," అన్నాడాయన.

"ఊఁ అంటే?"

"తలుపేసి, అందరూ బయట ఉండండి."

బయట ఉన్నారు. ఈలోగా మేస్త్రీ టేపు పట్టుకుని రానేవచ్చాడు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టు, వీళ్ల కొట్లాటలో బాగుపడేది ఈయనే అనుకుంది అక్క. మొగుడు ఏ ఒక్కరిది తీసేసినా సాయంత్రానికల్లా గోడ లేస్తుంది. ఆ తర్వాత అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూడరు. లోపల ఆయనేం చేస్తున్నాడోనని ఆవిడ తలుపుకి చెవి ఆనించింది.

ఎంతకో తలుపు తెరుచుకుంది.

తెర మీద పైనా కిందా వరసలు లేవు. పక్కపక్కనే రెండు గళ్లు. వెనకాల సముద్రం, ఓ మూల నాన్న.

"కుడివైపు పెద్దోడిది. కుడిచెయ్యే కదా గొప్ప," అన్నాడు బావ. "ఎడమవైపు చిన్నోడిది. చదవడం అటునుంచే మొదలు. ఎవరూ నొక్కేదాకా ఏదీ తెరుచుకోదు."

ఎవరికి వారే తామే ముందున్నామనుకుని మీసం దువ్వుకున్నారు.

"లోపల కూడా దులిపాను. మీ బోర్డులన్నీ భద్రం. అక్కడక్కడా కొత్తగా ఉంటే కంగారుపడకండి."

పెద్దోడు తన గడి నొక్కాడు. తెర టక్కున వెలిగింది. "చూశావురా? దుమ్ము దులిపేసరికి గుర్రంలా ఉంది. పాతదాని సత్తువ నీ కొత్తవాటికెక్కడిది?"

చిన్నోడు దాన్ని ఆపించి, తనది తెరిచాడు. "ఈ నునుపు చూడు. నీ డొక్కుది ఏడు జన్మలెత్తినా ఇలా నడవదు."

"నీది నువ్వే ఊరేగించుకో."

"నీది నువ్వే మోసుకో."

ఇద్దరి మొహాలూ వెలిగిపోతున్నాయి. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని తేలాక ఇక గోడెందుకు? మేస్త్రీని టీ ఇచ్చి పంపించేశారు. సుద్దగీతని పెద్దోడు కాలితో చెరుపుతుంటే చిన్నోడు తడిగుడ్డ తెచ్చి తుడిచాడు.

ఇంటికి నడుస్తూ అక్క కళ్లొత్తుకుంది. "నా పుట్టిల్లు నిలబెట్టారండీ. వాళ్ల పాడుమాటలు విని ఎవరిది తీసేస్తారోనని హడలి చచ్చాను."

"విన్నానుగా," అన్నాడాయన.

ఆవిడ నడిరోడ్డు మీద ఆగిపోయింది. "అయ్యో, ఎవరిది తీసేశారు?"

"ఇద్దరిదీ తీసేసి, రెండు గళ్ల వెనకా ఒకే మూడోది పెట్టాను."